ఖాళీ లేని బోర్డు

హేమాద్రికి ఎనిమిది షెడ్లలో ఏడు లొంగాయి. ఒక్కటి లొంగలేదు. ఆ ఒక్కదాని గురించే అతనికి నిద్ర పట్టడం లేదు.

హైదరాబాద్ దాటాక, రాళ్లగుట్టల మధ్య, విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడ మొదటి షెడ్డుకి ఇంచార్జిగా ఉన్న రోజుల్లో హేమాద్రి లీన్ పద్ధతి తెచ్చాడు. లీన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. అక్కర్లేని పని మానెయ్యడం, తప్పు జరిగితే జరిగినచోటే ఆగి సరిచేసుకోవడం. ఆ షెడ్డులో పని సగం రోజుల్లోనే తెమలడం చూసి యాజమాన్యం ముచ్చటపడింది. "దీన్నే మిగతా షెడ్లన్నిటికీ పాకించు" అని అతన్ని పై కుర్చీలో కూర్చోబెట్టింది.

పాకించాడు. ప్రతి షెడ్డులోనూ పనిముట్ల బోర్డు పెట్టించాడు. పసుపు ఫోములో ఏ పనిముట్టుకి ఆ ఆకారంలో గుంట కోయించాడు. స్పానర్ తీస్తే స్పానర్ ఆకారంలో ఖాళీ కనిపిస్తుంది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తలమీదుగా ఎర్రతాడు కట్టించాడు. ఏ తేడా కనిపించినా ఎవరైనా సరే దాన్ని లాగొచ్చు. లాగితే సైరన్ మోగుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది, షెడ్డంతా పని ఆగుతుంది.

వీటన్నిటి మీదా మార్కులు పెట్టాడు. ఎర్రదీపం వెలిగితే కోత, బోర్డులో ఖాళీ కనిపిస్తే కోత. నెలాఖరుకి ఎక్కువ మార్కులున్న షెడ్డుకి వెండికప్పు. మొదటి షెడ్డులో అతను పని చేసినప్పుడు ఈ మార్కులూ లేవు, కప్పూ లేదు. ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు. పై కుర్చీలో కూర్చున్నాక కొన్ని సంగతులు గుర్తు రావు.

కప్పు ఎప్పుడూ ఆరో షెడ్డుదే. దాని ఇంచార్జి ఫణీంద్ర కుర్రవాడు, చురుకైనవాడు, హేమాద్రి అంటే ప్రాణం పెడతాడు. దాని పక్కనే ఉన్న ఐదో షెడ్డు మాత్రం ఎప్పుడు చూసినా అడుగున ఉండేది. రెండు షెడ్లలోనూ చేసేది ఒకటే వస్తువు, విమానం రెక్క వెనక అంచున ఉండే ఫ్లాప్. విమానం దిగేటప్పుడు కిందికి వంగే పలక అది. పైకి పలకలాగే ఉంటుంది గానీ లోపలంతా డొల్ల.

ఐదో షెడ్డు ఇంచార్జి గౌసియా. డిప్లొమా చదివి, ఆ ఫ్యాక్టరీలోనే చేరి, అక్కడే నడివయసుకి వచ్చిన మనిషి. ఆమెను ఆ పదవి నుంచి దించేసి, ఐదో షెడ్డు కూడా ఫణీంద్ర చేతికి ఇవ్వాలని హేమాద్రి తేల్చుకున్నాడు. ఆ మాట ఆ సాయంత్రమే ఫ్యాక్టరీకంతటికీ పైవాడైన పెద్దసారుకి చెప్పాలి. పెద్దసారు ఫోన్ చేస్తానన్నాడు.

చెప్పేముందు అతనికి ఏసుపాదం మాస్టారు గుర్తొచ్చారు.

మాస్టారు వాయుసేనలో విమానాలు బాగుచేసి, తర్వాత శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. హేమాద్రికి స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఏ పెద్ద పని చేసినా ఆయన "ఊఁ" అంటే గానీ అతనికి తృప్తి ఉండదు. ఆ పొద్దున్నే కారేసుకుని వాళ్లింటికి వెళ్లాడు.

"మాస్టారూ, మనుషుల్ని మార్చడం ఎలా?" అన్నాడు కూర్చోకుండానే.

"ఎవర్నిరా?"

"ఐదో షెడ్డు వాళ్లని. మిగతా అందరికీ అబ్బింది. వీళ్లకి మాత్రం ఎంత చెప్పినా ఎక్కడంలేదు."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "మీ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనం ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుందండీ."

"అయితే వస్తాను పద."

---

ఐదో షెడ్డు గుమ్మంలోనే కౌసల్య అనే అమ్మాయి ట్రే పట్టుకుని అడ్డం నిలబడింది.

"జేబులల్ల ఉన్నయన్నీ ఇండ్ల పెట్టుండ్రి సార్. ఉంగరం గూడ."

మాస్టారు పెన్ను, తాళాలు, కళ్లజోడు డబ్బా, సగం తిన్న పిప్పరమెంటు బిళ్లల పొట్లం, ఒకదాని తర్వాత ఒకటి బుద్ధిగా పెట్టారు. హేమాద్రి పెట్టలేదు.

"నేనెవరో తెలుసా అమ్మాయ్?"

"తెలుసు సార్. మీ పెన్ను."

పెట్టక తప్పలేదు. ఒళ్లు మండింది.

లోపల గౌసియా తలకి కట్టుకున్న గుడ్డ బిగించుకుంటూ ఎదురొచ్చింది. "సలాం సార్" అని, మాస్టారికి కూడా ఓ సలాం పెట్టి, మళ్లీ పనిలోకి వెళ్లిపోయింది. పూలగుత్తి లేదు, కుర్చీ వెయ్యడం లేదు. బోర్డులో అక్కడక్కడా ఖాళీలు. ఒక మూల ఎవరో ఫ్లాప్ లోపలికి దీపం పెట్టి చూస్తున్నారు. నేల మీద సుద్దగీతలు, చెరిపి మళ్లీ గీసినవి.

"చూశారుగా," అన్నాడు హేమాద్రి గొంతు తగ్గించి. "ఎప్పుడూ ఇంతే. పని ఆగుతూనే ఉంటుంది. ఆరో షెడ్డులో సైరన్ మోగగా నేనింతవరకూ వినలేదు మాస్టారూ."

"ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా!"

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని బోర్డు వైపు నడిచారు. హేమాద్రి ఆయన వెనకే తిరుగుతూ మార్కుల సంగతి, కప్పు సంగతి చెబుతున్నాడు. ఆ మాటల మధ్యలోనే నెత్తిమీద పిడుగు పడ్డట్టు సైరన్ మోగింది.

తాడు లాగింది లింగస్వామి. చేతిలో పనిముట్టు బోర్డుకి తగిలించడానికి వచ్చి, పక్క గుంట ఖాళీగా ఉండడం చూశాడు. అది ఎవరి చేతిలోనూ లేదని కేకేసి కనుక్కున్నాడు. అంతే, లాగేశాడు.

మిషన్లు ఆగాయి. తలుపు మూసేశారు.

"పది నంబర్ స్పానర్ లేదు," అంది గౌసియా. "ఎవ్వరు బయటికి పోవద్దు."

అందరూ వంగారు. నేల మీద, బల్లల కింద, ఫ్లాప్ లోపల, చొక్కా మడతల్లో, చెప్పుల్లో. కౌసల్య జడ విప్పి దులుపుకుంది. ఎవరూ ఎవర్నీ తిట్టడం లేదు. వెతికి వెతికి గౌసియా వీళ్ల దగ్గరకొచ్చింది.

"సార్, మీ జేబులు."

హేమాద్రి జేబులు తిరగేసి చూపించాడు. మొహం కందగడ్డలా అయింది.

ఆమె మాస్టారి వైపు తిరిగింది. "పెద్దాయనా, మీయి గూడ చూపియ్యుండ్రి."

ఇక ఆగలేకపోయాడు. "ఈయన నాకు చదువు చెప్పిన గురువు! దొంగని అడిగినట్టు అడుగుతావా? నీకసలు మతి ఉందా?"

"ఉంది సార్," అంది గౌసియా. "స్పానర్ లేదు."

మాస్టారు ప్యాంటు జేబులోంచి స్పానర్ తీసి ఆమె చేతిలో పెట్టారు.

హేమాద్రికి తల కొట్టేసినట్టయింది. ఆయన పిచ్చివాడైపోయాడేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

గౌసియా స్పానర్ మీద చెక్కిన నంబరు చదివింది. మాస్టారి మొహంలోకి చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు. తనే వెళ్లి స్పానర్ని గుంటలో పెట్టింది. దీపం పచ్చగా మారింది.

"కౌసల్యా, పెద్దాయన చెయ్యి బోర్డు దాక ఎట్ల పోయింది?"

"ఈడ చుట్టు అడ్డం కట్టలేదక్కా. మనోళ్లే కదా వచ్చేదని..."

"కట్టు."

అంతే. పని మళ్లీ మొదలైంది. వెళ్లబోతూ ఆమె హేమాద్రితో, "ఇయ్యాల గూడ ఎరుపే సార్. రాసుకోండ్రి" అంది.

రాసుకున్నాడు. ఏం మనిషి!

---

బయటికి రాగానే హేమాద్రి మాస్టారికి అడ్డం నిలబడ్డాడు. "ఏంటి మాస్టారూ ఇది? అందరిముందూ నా పరువు..."

"భోజనానికింకా టైముందిగా. ఆ కప్పు వచ్చే షెడ్డు చూపించు."

ఆరో షెడ్డు గుమ్మంలో ఫణీంద్ర పూలగుత్తితో సిద్ధంగా ఉన్నాడు. వంగి మాస్టారి కాళ్లకి దండం పెట్టాడు. "మా సార్‌కి గురువంటే మాకు పరమగురువులండీ" అన్నాడు. ఇక్కడా ఒకమ్మాయి ట్రే పట్టుకొచ్చింది. అందులో చాక్లెట్లున్నాయి.

"జేబులు చూడరా?" అని అడిగారు మాస్టారు.

"మీ జేబులా! అంత మాట అనకండి మాస్టారూ," అని ఫణీంద్ర చెవులు పట్టుకున్నాడు.

లోపల కడిగిన ముత్యంలా ఉంది. నేల మీద మొహం చూసుకోవచ్చు. పచ్చదీపం. ఎర్రతాడుకి కొన్నప్పటి ప్లాస్టిక్ తొడుగు ఇంకా అలాగే ఉంది, మురికి పట్టకుండా. గుమ్మం పక్కనే ఆ మధ్యాహ్నం లారీ ఎక్కాల్సిన ఫ్లాప్, చెక్కపెట్టెలో ప్యాక్ చేసి ఉంది. అన్నిటికంటే బోర్డు! ఒక్క గుంట ఖాళీ లేదు. హేమాద్రికి ప్రాణం లేచొచ్చింది.

మాస్టారు బోర్డు చూశారు. పని చేస్తున్నవాళ్ల చేతులు చూశారు. అక్కడ ఒకరి చేతిలో స్పానర్, ఇంకొకరి చేతిలో కటింగ్ ప్లేయర్ ఉన్నాయి. మళ్లీ బోర్డు చూశారు.

"బాగుంది," అన్నారు.

ఆ ఒక్క మాటకి హేమాద్రి మొహం వెలిగిపోయింది. కప్పు ఎక్కడ పెట్టారో, ఎన్నిసార్లు వచ్చిందో ఫణీంద్ర చూపిస్తూ అతన్ని అటు తీసుకెళ్లాడు. మాస్టారు కాసేపు ఒంటరిగా తిరిగి, ఆకలేస్తోందన్నారు.

---

క్యాంటీన్ ఆరో షెడ్డుకి ఎదురుగానే. వంకాయ కూర, పప్పుచారు, గడ్డపెరుగు. మాస్టారు నింపాదిగా తింటున్నారు. హేమాద్రి కలుపుకున్న ముద్ద చేతిలోనే ఉంది. మాట్లాడుతూనే ఉన్నాడు.

"తేడా చూశారు కదండీ. అదే బోర్డు, అదే తాడు, అదే ఫ్లాప్. వాళ్లు నేర్చుకున్నారు, వీళ్లు నేర్చుకోలేదు. గౌసియా చెడ్డమనిషని నేననను. కానీ ఆమె ఉన్నంతకాలం ఆ షెడ్డు మారదు. సాయంత్రం పెద్దసారుకి చెప్పేస్తాను. మీరేమంటారు?"

మాస్టారు ఎడమచేత్తో జేబులోంచి ఒక స్పానర్ తీసి అతని కంచం పక్కన పెట్టారు.

"ఇదెక్కడిదండీ?"

"ఆరో షెడ్డుది. నువ్వు కప్పు చూడ్డానికి వెళ్లినప్పుడు తీశాను."

హేమాద్రి ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు. నిజంగానే సంతోషించాడు. "అలాగా! అయితే చూడండి మాస్టారూ, ఈపాటికి ఫణీంద్ర షెడ్డు షెడ్డంతా..."

ఆగిపోయాడు.

కిటికీ అవతలే ఆరో షెడ్డు. చెవి పెట్టి విన్నాడు. క్యాంటీన్‌లో ఫ్యాన్ తిరుగుతోంది. ఎవరో కంచాలు కడుగుతున్నారు. షెడ్డులోంచి రివెట్లు కొట్టే చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఆగలేదు.

"పెరుగు బాగుందిరా," అన్నారు మాస్టారు.

హేమాద్రి ఆ స్పానర్ ఎడమచేత్తో తీసుకుని, ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తాడు.

బోర్డు ముందు నిలబడి చూశాడు. పది నంబరు స్పానర్ గుంటలో స్పానర్ ఉంది. ఎడమచేతిలో చూసుకున్నాడు. చేతిలోనూ ఉంది. గుంటలోది ఊడబెరికి పక్కన పెట్టి చూశాడు. రెండింటి మీదా ఒకటే నంబరు చెక్కి ఉంది. ఆరు బై పది, ఆరు బై పది, అంటే ఆరో షెడ్డు పదో నంబరు. ఒకే చేతిరాత.

విమానం పని చేసే ఏ షెడ్డులోనూ రెండు పనిముట్లకి ఒకే నంబరు ఉండకూడదు. ఒకటి పోతే ఫలానాది పోయిందని తెలియడానికే ఆ నంబరు. అది అతనే నేర్పాడు.

"ఫణీంద్రా!"

ఫణీంద్ర నవ్వుతూ వచ్చాడు. రెండు స్పానర్లూ చూశాడు. నవ్వు పోలేదు.

"ఓ, మీరు తీశారా సార్! ఇందాక ఒకటి కనపడలేదన్నారు. క్షణాల్లో పెట్టేశాం. మీరు చూసేసరికి బోర్డు నిండుగానే ఉంది కదా సార్?"

అతని గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"ఎక్కణ్నుంచి తెచ్చి పెట్టారు?"

ఫణీంద్ర సంబరంగా కప్పు ఉన్న బీరువా దగ్గరికి తీసుకెళ్లి కింది అర లాగాడు. లోపల పసుపు ఫోము, ఏ ఆకారానికి ఆ గుంట. స్పానర్లు, ప్లేయర్లు, డ్రిల్ బిట్లు, చిన్న చిన్న అద్దాలు. బోర్డు మీద ఉన్న ప్రతిదానికీ కవలలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అన్నిటికీ నంబర్లు చెక్కి, నూనె రాసి పెట్టారు. బోర్డు కంటే ఆ అర నీటుగా ఉంది. దాంట్లో మాత్రం చాలా గుంటలు ఖాళీ.

"ఇది మా వాళ్ల ఐడియానే సార్. మీకు చెబుదామనే అనుకుంటున్నా. మిగతా షెడ్ల వాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. అందరూ పెట్టుకున్నారు, ఐదో షెడ్డు తప్ప. నిజం చెప్పాలంటే సార్, మిగతావన్నీ మేం వెళ్లి వెళ్లి నేర్పాల్సొచ్చింది. ఇదొక్కటే ఎవరూ చెప్పకుండా దానంతటదే పాకింది."

హేమాద్రి చేతిలోంచి స్పానర్ జారి నేల మీద ఖంగుమంది. ఏడు షెడ్లు. తను మార్కులేసి, చప్పట్లు కొట్టించి, పెద్దసారుకి లెక్క చెప్పిన ఏడు షెడ్లు.

"ఇదివరకు పోయినవి..." అన్నాడు. "ఈ గుంటల్లోంచి తీసి బోర్డు మీద పెట్టినప్పుడల్లా ఒకటి పోయినట్టే కదా. అవి దొరికాయా?"

"కొన్ని దొరికాయి సార్."

"మిగతావి?"

ఆ ప్రశ్న ఫణీంద్రని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అతను తనను తాను కూడా అడుక్కోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. అతని చూపు మెల్లగా గుమ్మం పక్కనున్న చెక్కపెట్టె మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. నవ్వు అప్పుడు పోయింది.

ఫ్లాప్ లోపల డొల్ల. ఆ డొల్లలో ఒక స్పానర్ పడి ఉండిపోతే నేల మీద ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు. గాల్లోకి లేచాక దొర్లుతుంది. దిగేటప్పుడు ఫ్లాప్‌ని వంచే కడ్డీ దగ్గర ఇరుక్కుంటే ఒక రెక్క వంగుతుంది, ఇంకో రెక్క వంగదు. విమానం ఒక పక్కకి తిరగబడుతుంది, లోపల కూర్చున్నవాళ్లకి కేకేసే వ్యవధి కూడా ఉండదు. అది కొత్తగా చేరిన కుర్రాళ్లకి కూడా మొదటిరోజే చెప్తారు. ఫణీంద్రకి చెప్పింది హేమాద్రే.

"ఎందుకు చేశావయ్యా?" ఆ మాట అరుపులా రాలేదు. ఏడుపులా వచ్చింది.

"ఖాళీ కనిపిస్తే మీరు మార్కులు తీసేస్తారు కదా సార్," అన్నాడు ఫణీంద్ర. "మీకు నచ్చదనే."

హేమాద్రి వెనక్కి తిరిగాడు. మాస్టారు గుమ్మంలో నిలబడి, కడుక్కొచ్చిన చేతులు రుమాలుతో తుడుచుకుంటున్నారు.

"ఏం చెయ్యమంటారు మాస్టారూ?"

"నన్నడుగుతావేంరా? తాడు నీ నెత్తిమీదే ఉంది."

హేమాద్రి చెయ్యెత్తి లాగాడు. ప్లాస్టిక్ తొడుగు చిరిగి చేతిలోకి వచ్చింది. రెండోసారి, ఒంటి బరువంతా వేసి లాగాడు.

సైరన్ మోగింది.

పని చేస్తున్నవాళ్లు తలలెత్తి పైకప్పు చూశారు. ఇద్దరు నిప్పంటుకుందనుకుని బయటికి పరిగెత్తారు. ఒకతను ఫ్యాన్లు కట్టేశాడు. చాక్లెట్ల ట్రే పట్టుకున్న అమ్మాయి చెవులు మూసుకుని, "ఇదేం మోతండీ?" అని పక్కామెని అడిగింది. పక్కామెకీ తెలియదు. రివెట్లు కొట్టేవాళ్లు కాసేపు చూసి మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు. ఆ షెడ్డులో ఆ చప్పుడు ఎవరూ ఎప్పుడూ వినలేదు. దానికి ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియదు. తాడు పట్టుకుని నిలబడి హేమాద్రి వాళ్లందర్నీ చూశాడు. ఇంతకాలం తను నేర్పింది ఇదా అనుకున్నాడు.

అప్పుడు గుమ్మంలో అడుగుల చప్పుడైంది.

ఐదో షెడ్డు వాళ్లు పరిగెత్తుకొచ్చారు. గౌసియా, లింగస్వామి, కౌసల్య, వాళ్ల వెనక ఇంకా నలుగురైదుగురు. చేతుల్లో దీపాలు, పొడుగు కాడలకి బిగించిన అద్దాలు, అయస్కాంతాలు. వాళ్లని ఎవరూ పిలవలేదు. మోత వినిపించింది, వచ్చారు.

"ఏం పోయింది సార్?" అంది గౌసియా ఆయాసపడుతూ.

హేమాద్రి ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. "తెలీదమ్మా."

"ఎన్ని పోయినయ్?"

"అదీ తెలీదు."

పొద్దుట్నుంచీ ఏ మాటకీ చలించని మనిషి, గుండె మీద చెయ్యేసుకుంది. "యా అల్లా" అంది, గాలి వదిలినంత మెల్లగా. తెరిచి ఉన్న అర చూసింది, అందులోని ఖాళీ గుంటలు చూసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లింగస్వామి వైపు తిరిగి చెక్కపెట్టె చూపించింది.

పెట్టె విప్పారు. లింగస్వామి ఫ్లాప్ పక్కభాగంలో చెయ్యి పట్టేంత రంధ్రంలోంచి దీపం, అద్దం లోపలికి దూర్చి, చెంప ఆ రేకుకి ఆనించి చాలాసేపు చూశాడు. ఆరో షెడ్డు వాళ్లు కూడా ఒక్కొక్కరే దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఎవరో వెళ్లి సైరన్ కట్టేశారు. అప్పుడు మరీ భయమేసింది.

"అయస్కాంతం ఇయ్యి," అన్నాడు లింగస్వామి.

లోపల ఏదో రేకుని గీసుకుంటూ వచ్చింది. ఆ గీతకి అక్కడున్నవాళ్లందరి పళ్లూ జివ్వుమన్నాయి. బయటికొచ్చింది స్పానర్. గౌసియా దాన్ని దీపం కింద పెట్టి తిప్పి, నంబరు చదివింది. హేమాద్రి చేతిలో పెట్టింది.

ఆరు బై పది. అదే నంబరుతో మూడో స్పానర్.

ఫణీంద్ర నేల మీద కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకుని, "పోయినవారం కూడా ఒకటి పంపాం సార్... దానికి ముందుది..." అంటున్నాడు. మాట పూర్తి కావడం లేదు.

జేబులో ఫోన్ మోగింది. పెద్దసారు.

"ఏమయ్యా హేమాద్రీ, సాయంత్రం మీటింగు పడింది, అందుకే ఇప్పుడే చేశాను. ఆ ఐదో షెడ్డావిడ సంగతి ఏం చేద్దాం?"

హేమాద్రి గౌసియా వైపు చూశాడు. ఆమె అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని, ఆరో షెడ్డు అమ్మాయికి అద్దం ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది.

"ఆమె సంగతి కాదండీ," అన్నాడు. "ఇక్కణ్నుంచి వెళ్లిన విడిభాగాలు ఎక్కడున్నా ఆపించాలి. ఈ షెడ్డువే కాదు, ఐదో షెడ్డు తప్ప అన్ని షెడ్లవీ. విమానాలకి బిగించేసినా సరే, ఆ విమానాలు లేవకూడదు. ఇప్పుడే, ఈ నిమిషమే చెప్పాలండీ."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నువ్వేం మాట్లాడుతున్నావో నీకు తెలుస్తోందా?" అన్నాడు పెద్దసారు. "ఎవరి నిర్వాకమిది?"

ఫణీంద్ర తలెత్తి చూశాడు. షెడ్డులో అందరూ చూశారు.

"నాదండీ," అన్నాడు హేమాద్రి. "దించాల్సింది నన్ను."

ఫోన్ పెట్టేసి మాస్టారి దగ్గరికి నడిచాడు. కళ్లనిండా నీళ్లు. ఆయన కాళ్ల మీద పడబోయాడు. మాస్టారు అతని భుజం పట్టి ఆపి, లింగస్వామి పక్కన ఖాళీగా ఉన్న దీపం తెచ్చి చేతిలో పెట్టారు.

"దిగడం తర్వాతరా," అన్నారు. "ముందు వెతుకు."